మూఢం వస్తోందని కొన్న స్కూటర్

నిన్న పొద్దున ఊరి బయట వంతెన దగ్గర ఎవడో కొత్త స్కూటర్ సీటు పీకుతా దొరికాడంట, దొంగనుకొని జనం మూగారంట అని విన్నారు గదా? ఆ ఎవడో నేనే. నవ్వమాకండి! ముందు టీ చెప్పండి, అంతా చెప్తా.

తప్పంతా నాదే. ఆ ముక్క మా పద్మ ఇప్పటికి పదిసార్లు అంది, పదకొండోసారి మీరు అనక్కర్లా.

పద్మ ప్రైవేటు స్కూల్లో టీచరని తెలుసు గదా. పదేళ్లుగా షేర్ ఆటోల్లో నలిగిపోతా ఉంది. ఈసారి పట్టుబట్టింది. "నాకు చౌకది వద్దు. బ్రేకు పట్టాలి, ఇద్దరం ఎక్కినా లాగాలి, సీటు కింద పుస్తకాల సంచి పట్టాలి" అని. పోయాం షోరూముకి. నీలం రంగుది నచ్చింది, బుక్ కూడా చేశాం. తీరా చేశాక సేల్స్ అతను "స్టాకు మంగళవారం వచ్చిద్ది సార్" అన్నాడు.

మంగళవారమంట! శనివారం నుంచి మూఢమయ్యా! నేనేమో రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చొని దస్తావేజులు రాసుకునేవాణ్ణి. ముహూర్తం చూసుకోకుండా ఒక్కడూ నా బల్ల దగ్గరికి రాడు. మూఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవాల్సిందే. అట్టాంటి నేనే మూఢంలో బండి కొంటే ఇంకేమన్నా ఉందా? సిద్ధాంతి గారికి ఫోన్ కొట్టా. "గురువారం పదీ నలభై దివ్యంగా ఉంది. అది దాటితే రెండు నెలలు ఆగాలి" అన్నాడు.

బుకింగు క్యాన్సిల్ చేసేశా. రెండు కొట్ల అవతలే బ్యాటరీ స్కూటర్ల షాపు ఉంది. ధర సగం. "లైసెన్సు అక్కర్లా, నంబరు ప్లేటు అక్కర్లా, పెట్రోలు అక్కర్లా సార్" అన్నాడు షాపాయన. అక్కర్లేనివన్నీ చెప్పాడు గానీ బండిలో ఏముందో చెప్పలా. నేనూ అడగలా. గురువారం పదిన్నరకల్లా తాళం నా చేతిలో పెడతానన్నాడు, నాకదే చాలనిపించింది.

"మనం బండి కొంటున్నామా, ముహూర్తం కొంటున్నామా?" అంది పద్మ.

"నీకు తెలవదు, ఊరుకో" అన్నా. అప్పుడే నా నోరు పడిపోయి ఉంటే బాగుండేది.

ఆ బండి సంగతి కొన్న రోజే తెలిసింది. గుడి ముందు పూజారి గారు బొట్లు పెట్టి, దండేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి "తొక్కించండి" అన్నాడు. ఇద్దరం ఎక్కాం. యాక్సిలరేటర్ తిప్పా. గుయ్యిమంది, కదల్లా. ఇంకాస్త తిప్పా. ఇంకాస్త గుయ్యిమంది. పూజారి గారు వంగి చూసి, "నిమ్మకాయ ఎక్కట్లేదండీ" అన్నాడు. వెనకాల పూజకొచ్చిన ట్రాక్టరాయన హారన్ మీద హారన్! చివరికి పూజారి గారే ఆ కాయ తీసి, కాలి మడమ కింద వేసి మెత్తగా చేసి, మళ్లీ పెట్టాడు. అప్పుడు తొక్కింది. "ఇన్నేళ్లలో నిమ్మకాయని ఒప్పించాల్సి రావడం ఇదే మొదటిసారి" అన్నాడాయన.

ఇక నిన్నటి సంగతి. నిన్న పద్మకి డీఎస్సీ పరీక్ష. వయసు దాటిపోతోంది, దానికిదే ఆఖరి ఛాన్సు. ఏడాది పాటు పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కన గైడు పెట్టుకొని చదివింది. తొమ్మిదింటికి పరీక్ష, ఎనిమిదిన్నరకి గేటేస్తారు. ఒక్క నిమిషం దాటినా కాళ్లు పట్టుకున్నా రానివ్వరు. సెంటరేమో ఊరవతల కాలేజీలో.

"ఆటో మాట్లాడండి" అంది పద్మ.

"ఇంట్లో కొత్త బండి పెట్టుకొని ఆటో ఏందే? నలుగురూ నవ్వరూ?" అన్నా. పైగా హాల్ టికెట్టు, ఆధార్ కార్డు దాని చేతిలోంచి లాక్కొని, "గాలికి ఎగిరిపోతయ్" అని సీటు కింద పెట్టి తాళం వేశా. అంత జాగ్రత్త మనిషిని!

ఏడుంబావుకి బయల్దేరాం. ఊళ్లో బాగానే పోయింది. బాగా అంటే, పాల క్యాన్లు కట్టుకొని సైకిల్ మీద పోతున్న ముసలాయన మా పక్కనే వస్తా, "కొత్త బండా? ఎంత పడింది?" అని నింపాదిగా కబుర్లు చెప్పాడు. కాసేపటికి "నాకు పనుంది, ముందు పోతా" అని మమ్మల్ని దాటిపోయాడు.

వంతెన సగం ఎక్కేసరికి బండి నీరసించింది. పద్మ దిగింది. నేను బండి మీద, పక్కనే అది చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నడక. "మీరూ దిగితే అదొక్కటే హాయిగా పోద్దేమో" అంది. పైకెక్కాం, అవతలికి జర్రున దిగాం. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. మీటర్లో ఛార్జింగు అరవై శాతం అని చూపిస్తానే ఉంది, ఉన్నట్టుండి సున్నా అయింది. బండి చచ్చింది.

టైము ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువ. ఇంకా మూడు కిలోమీటర్లుంది.

"బండి సంగతి తర్వాత, ముందు నా హాల్ టికెట్ ఇవ్వండి!" అంది పద్మ. సరేనని సీటు తాళం తిప్పా. కంగారులో కాస్త గట్టిగా తిప్పానేమో, తాళంచెవి పుటుక్కున విరిగింది. సగం నా చేతిలో, సగం బండిలో. పెళ్లాం రోడ్డు మీద, హాల్ టికెట్టు సీటు కింద! రిమోట్ ఉంది గదాని ఉన్న బటన్లన్నీ నొక్కా. సీటు తెరుచుకోలా గానీ దొంగ సైరన్ మొదలైంది. చక్రం తిప్పడానికి లేని కరెంటు కూయడానికి ఎక్కణ్ణించి వచ్చిందో!

ఇక చూసుకోండి. నంబరు ప్లేటు లేని కొత్త బండి, కుయ్యో కుయ్యోమని కూస్తా ఉంది. నేను చెమటలు కక్కుతా రెండు చేతుల్తో సీటు పీకుతున్నా. జనం ఆగరా మరి? ఊళ్లోకి టమాటాలేసుకొస్తున్న ఆటో అతను దిగి, నా చెయ్యి పట్టుకొని, "ఏందయ్యా, పొద్దున్నే ఎవరి బండి?" అన్నాడు.

"నాదే!"

"నీదైతే తాళమేది?"

విరిగిన సగం చెవి చూపించా. అది చూసి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు పద్మ ముందుకొచ్చింది. "వదిలెయ్ అన్నా, ఈయన మా ఆయనే. దొంగైతే కాస్త మంచి బండి చూసుకునేవాడు" అంది. జనం గొల్లుమన్నారు. పోయిన పరువు ఎట్టాగూ పోయింది, ఆ మాటతో చెయ్యన్నా దక్కింది.

ఆటో అతను మంచోడే. ఇనప రాడ్డు తెచ్చి సీటు సందులో పెట్టి ఒక్క తన్ను తన్నాడు. సీటు ఊడొచ్చింది, హాల్ టికెట్టు దొరికింది. కానీ అప్పటికే ఎనిమిదీ పది. అదే టైముకి వెనకనుంచి స్కూటరొకటి వస్తంటే పద్మ రోడ్డు మధ్యకి పోయి చెయ్యెత్తింది. నడిపే ఆవిడ ఆగింది. ఆవిడ చేతి సంచిలోనూ హాల్ టికెట్టే! "నాదీ అదే సెంటరు అక్కా, ఎక్కండి" అంది.

అప్పుడు చూశా బండిని. నీలం రంగు. మేం బుక్ చేసిన రకమే.

పద్మ కూడా చూసింది. "కొత్తదామ్మా?" అనడిగింది.

"మొన్న మంగళవారమే అక్కా. షోరూమువాళ్లు ముందు నెల ఆగాలన్నారు. ఎవరో మూఢమొస్తోందని క్యాన్సిల్ చేసుకున్నారంట, అది నాకిచ్చారు."

నాకు నోరూరుకోదు గదా! "మీకు మూఢం పట్టింపు లేదామ్మా?" అన్నా.

"మా స్కూలు పద్నాలుగు కిలోమీటర్లు సార్. మూఢంలో కూడా బెల్లు కొడతారు" అంది. పద్మ నా వైపు చూసిన చూపు ఏ దస్తావేజులోనూ రాయలేను. ఇద్దరూ ఎక్కారు, రయ్యిమని పోయారు.

నేను ఉండబట్టలేక బండిని అక్కడే వదిలేసి సెంటరుకి నడిచా. ఫోన్ చేద్దామంటే పరీక్షని పద్మ ఫోన్ ఇంట్లోనే పెట్టింది. ఏడాది చదువు నా మూలాన మట్టి కొట్టుకుపోతే దాని మొహం ఎట్టా చూడాలి? గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగా. "నీలం బండి మీద ఇద్దరాడాళ్లా? ఎనిమిదీ ఇరవైకే లోపలికి పోయారు" అన్నాడు. అక్కడే గోడకానుకొని కూలబడ్డా. నిజం చెప్తున్నా, కళ్లల్లో నీళ్లొచ్చినయ్.

పరీక్ష అయ్యాక పద్మ నవ్వుతా వచ్చింది. బాగా రాసిందంట. ఆవిడ నంబరు కూడా తీసుకుంది. ఆటోలో తిరిగొస్తా చూస్తే మా బండి పెట్టినచోటే ఉంది. సీటూడిపోయి, తాళం లేకుండా నడిరోడ్డు పక్కన నాలుగు గంటలున్నా ఒక్కడూ ముట్టుకోలా.

"సరేలే, తప్పు నాదే. ఆ నీలం బండే కొందాం. ఎప్పుడు పోదాం?" అన్నా, కాస్త చల్లబరుద్దామని.

"పోదాం కాదు, నేను పోతా. మీరు ఊళ్లో లేని రోజు చూసి" అంది.

నేను ఊళ్లో లేని ఆ రోజేదో తొందరగా రావాలని ఇవాళ పొద్దున్నే నా చేతిసంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. మీలో ఎవరికన్నా వినుకొండలోనో క్రోసూరులోనో పనుంటే చెప్పండ్రా, తోడొస్తా!