చెన్నకేశవులందరికీ ఒకటే ఫోను

మొన్న ఒక పెద్దమనిషిని, ఆయన గొర్రెల మందని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఊరంతా తిప్పినా. కర్రతో కాదు, జావాతో.

మాది కొమరోలు దగ్గర ఊరు. నాకు ఆఫీసు పని ఇంటి నుంచే. తొలకరికి ముందు జీవాలకు చిటుక రోగం టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ వస్తోందని తెలిసింది. ఎప్పుడూ మందలన్నీ ఒకేసారి వచ్చి కలిసిపోతాయి, విడదీసేసరికి సగం రోజు పోతుంది. ఎవరి టైం వాళ్లకు మెసేజ్ పోయేట్లు ప్రోగ్రాం రాస్తానని నేనే డాక్టరమ్మకు మాటిచ్చినా. పక్కనే ఉన్న నాయన మీసం సవరించుకున్నాడు.

జావా అంటే మేము ప్రోగ్రాంలు రాసే భాష. అందులో మ్యాప్ అని ఉంటుంది. పేరు ఇస్తే ఫోన్ నంబర్ తీసిస్తుంది. అందరి పేర్లూ నంబర్లూ అందులో ఎక్కించి, టైంల లిస్టులో ఒక్కో పేరుకూ వంతు రాగానే మెసేజ్ పోయేట్లు పెట్టినా. ఒక్క ఎర్రర్ రాలేదు.

టీకాల రోజు పొద్దున్నే ఊరి చివర ఇంటి చెన్నకేశవులు మామ మందను తోలుకొచ్చినాడు. టీకాలు అయినాయి, పోయినాడు. కాసేపటికి మందతో మళ్లీ వచ్చినాడు. ఇంకో మెసేజ్ వచ్చిందంట, రెండో డోసేమో అనుకున్నాడంట. పొరపాటని చెప్పి పంపినాం. ఇంకాసేపటికి మళ్లీ ఆయనే. ఈసారి గొర్రెలు సిరంజిని చూసి వెనక్కి తిరిగినాయి.

"అల్లుడూ, నా మీద కోపముంటే నాతో చెప్పు. వాటినెందుకు తిప్పుతావు?" అన్నాడు మామ నెమ్మదిగా.

ఆయన ఫోన్ చూస్తే అప్పుడు వెలిగింది నాకు. మార్కాపురం చెన్నకేశవ స్వామి పేరు మా ఊళ్లో ఇంటికొకరికి ఉంటుంది. మ్యాప్‌లో ఒక పేరుకు ఒకటే నంబర్. అదే పేరు మళ్లీ ఎక్కిస్తే పాత నంబర్ చప్పుడు లేకుండా పోయి కొత్తది కూర్చుంటుంది. ఆఖర్న ఎక్కిన చెన్నకేశవులు ఈ మామ. అందరి పిలుపులూ ఈయనకే పోయినాయి.

డాక్టరమ్మ వాచీ చూసుకుంటోంది, మందు పెట్టిన డబ్బాలో ఐసు కరుగుతోంది. బండెక్కి, చెన్నకేశవులు పేరున్నోళ్లంతా రావాలని వీధివీధీ అరుచుకుంటూ తిరిగినా. అంతా ఒకేసారి వచ్చినారు. మందలన్నీ కలిసిపోయినాయి. ఎవరి గొర్రె ఏదో తేలి టీకాలు అయ్యేసరికి నా గొంతు పోయింది, డాక్టరమ్మ కూడా ఇంకో ఊరికి పోయింది.

ఇంటికొస్తే మా మంద దొడ్లోనే ఉంది. నాయన ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"మన టైం ఎప్పుడురా?"

మా నాయన పేరు కూడా చెన్నకేశవులే.

నా అరుపులు వినలేదా అని అడిగినా. విన్నాడంట. "మెసేజ్ రాకుండా ఎట్ల వస్తా? నువ్వు పెట్టిన పద్ధతి ఇంట్లోవాళ్లమే తప్పితే ఎట్ల?" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు లీవు పెట్టి, ఎండలో మందను కొమరోలు ఆస్పత్రికి నేనే తోలుకుపోయినా. లీవుకు కారణం అడిగితే, డేటా లాస్ అని రాసినా.