అట్ట మీద చుక్కలు

ఆ ఆదివారం పొద్దున మా పెరట్లో ఉన్నవి ఇవి: పదహారేళ్ల పాత ఆటోమేటిక్ కారు, దాని ముందు చక్రాల కింద రెండు చెక్క దిమ్మెలు, ఒక జాకీ, కొలత చూసి బోల్టులు బిగించే రెంచి, కొత్త ప్యాకింగు, ఒక డబ్బా ఎర్రటి గేర్‌బాక్స్ ఆయిల్, ఫ్రిజ్ పెట్టె నుంచి కోసిన అట్ట. మనుషులు ముగ్గురు. కారు కింద నేను, ప్లాస్టిక్ కుర్చీలో మా అన్న, గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్న జనగామ మెకానిక్ భాయ్. అన్న పెట్టుడు కాలు కుర్చీ పక్కన విడిగా ఉంది.

ట్రాక్టర్ కింద పడి అన్నకు ఎడమ కాలు మోకాలి కింది నుంచి పోయింది. క్లచ్ తొక్కడానికి ఎడమ కాలు కావాలి. అందుకే క్లచ్ లేని బండి వెతికి, డోర్నకల్‌లో రిటైరైన రైల్వే ఉద్యోగి దగ్గర ఈ కారు తెచ్చాం. మా ఊరు రఘునాథపల్లి మండలంలో ఉంది. అన్న అక్కడ బావి మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వదిన భూపాలపల్లి దవాఖానలో నర్సు. రెండో తరగతి చదివే బిడ్డ ఆమె దగ్గరే ఉంటుంది. ప్రతి శనివారం అన్న ఒక్కడే కారు నడుపుకుంటూ వాళ్ల దగ్గరికి పోయేవాడు. "స్టీరింగ్ ముంగట కూసుంటే ఏ కాలు లేదో నాకు యాదికుండది" అనేవాడు.

క్లచ్ లేని బండి గేర్‌బాక్సులో ఆయిల్ అరుగుదల ఆపడానికి మాత్రమే కాదు. దాని ఒత్తిడితోనే బండి కదులుతుంది. ఆయిల్ తగ్గితే ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, చక్రం తిరగదు. మా బండికి ఏడాదిగా లీకు. అన్న డిక్కీలో డబ్బా పెట్టుకుని, ప్రతి ప్రయాణంలో హనుమకొండలో ఆగి, ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూసి, తగ్గినంత పోసుకునేవాడు. డిప్లొమా చదివిన తమ్ముడు ఇంట్లో ఉండగా అన్న అట్లా పోసుకుంటూ తిరగడం నాకు నామోషీగా ఉండేది.

రోజూ రాత్రి కారు కింద అట్ట పరిచి, తెల్లారి చుక్కల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు గీసి తేదీ వేసేవాణ్ణి. ఆ ఆదివారం చుక్కలు నలభై ఒకటి.

"ఏంది ఇంజినీర్ సాబ్, అట్ట మీద ముగ్గేస్తున్నవా?" అన్నాడు భాయ్.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే రేకు చాంబర్ విప్పాను. బోల్టులు పద్నాలుగు. ఇదివరకు ఎవరో బలంకొద్దీ బిగించినందుకు రంధ్రాల చుట్టూ రేకు వంగింది. చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేశాను. కొత్త ప్యాకింగు పెట్టి, ఎదురెదురు బోల్టులు మూడు విడతలుగా బిగించాను. ఆయిల్ పోసి, ఇంజిన్ వేడెక్కాక పుల్ల చూశాను. సరిగ్గా గీత దగ్గర ఉంది.

భాయ్ వంగి చూశాడు. "పని సాఫ్ చేసినవ్. గని ఒక్కపారి బండి ఉరికించి, ఇంజిన్ బందు వెట్టకుంట కింద సూడు. పండుకున్న బండి ఏం చెప్తది?"

"మావోడు పాలిటెక్నిక్‌ల ఫస్టు భాయ్. ఆనికి చెప్తవా?" అన్నాడు అన్న.

"ఫస్టు గాబట్టే చెప్తున్న."

నేను నవ్వి, బండి ఉరికించకుండానే అట్టను మళ్లీ కారు కింద పరిచాను. సోమవారం అట్ట మీద ఒక్క చుక్క లేదు. శనివారం దాకా ఆరు పొద్దులూ అంతే.

శనివారం అన్న అలవాటుగా ఆయిల్ డబ్బా డిక్కీలో పెట్టాడు. నేను తీసి బయటపెట్టాను.

"ఉంటే ఏంబోతదిరా?"

"లీకు లేని బండిల డబ్బా ఎందుకే? హనుమకొండల ఆగుడు గూడ అక్కరలేదు. సీదా పో."

అన్న నా ముఖం చూశాడు. డిక్కీ మూశాడు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రేగొండ దాటాడట. "తమ్మీ, ఇంజిన్ మోగుతంది. బండి కదుల్తలేదు. పుల్ల గుంజి సూసిన, పొడిగున్నది."

మోటార్ సైకిల్ మీద డబ్బాతో పోయాను. అప్పటికే వదిన, బిడ్డ ఆటోలో వచ్చి కారు దగ్గర ఉన్నారు. బిడ్డ వెనక సీట్లో కూర్చుని, "బాబాయ్, నువ్వే బాగుచేసినవ్ గదా?" అంది. కారు కిందికి దూరాను. ఆయిల్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌కు తీసుకుపోయే గొట్టం ఒకటుంటుంది. దాని అతుకు దగ్గర వెంట్రుక మందం చీలిక. బండి నడుస్తున్నప్పుడు ఒత్తిడికి అక్కడి నుంచి ఆయిల్ చిమ్ముతుంది, గాలికి అడుగంతా పరుచుకుంటుంది. ఇంజిన్ ఆపితే ఒక్క చుక్క రాలదు. ఏడాదిగా ఉన్న లీకులు రెండు. నా అట్టకు కనిపించింది ఒకటి.

డబ్బాలో ఉన్నదంతా పోశాను. బండి కదల్లేదు.

బండిని జనగామకు లాగించి తెచ్చాక భాయ్ గేర్‌బాక్స్ విప్పాడు. లోపలి ప్లేట్లు నల్లగా మాడిపోయాయి. "ఇగ ఇది లేవది తమ్మీ. దీని సామాను వస్తలేదు" అన్నాడు. మానుకోటలో అడిగాను, హనుమకొండలో అడిగాను, డోర్నకల్ పాత యజమానినీ అడిగాను. లేదు. భాయ్ ఆ రోజు నన్ను ఇంజినీర్ సాబ్ అనలేదు. అన్న ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంటూ చాలా రోజులు అతని ఎదురుగా కూర్చున్నాను.

బండి ఆగిన మూడో శనివారం అన్న బస్సులో బయల్దేరాడు. వద్దంటున్నా వెంట పోయాను. మా ఊరి బస్సు జనగామకే పోతుంది, అక్కడి నుంచి హనుమకొండ, అక్కడి నుంచి భూపాలపల్లి. బస్సు మొదటి మెట్టు మోకాలంత ఎత్తు. కుడి కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని ఒంటిని గుంజుకుని, పెట్టుడు కాలును పైకి తెచ్చుకోవాలి.

"జల్ది ఎక్కన్నా" అన్నాడు కండక్టర్.

"ఉన్నదే ఒక్క కాలు. సగం జల్ది ఎక్కుత" అన్నాడు అన్న. బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రెండో బస్సు దిగేసరికి మోకాలి కింద పట్టీ రక్తంతో తడిసింది.

ఇప్పుడు నెలకొకసారి పోతున్నాడు. మూడు బస్సులు. ఒక్కో బస్సుకు ఎక్కడానికి మూడు మెట్లు, దిగడానికి మూడు. పోను రాను ముప్పై ఆరు మెట్లు.