ఒకే పేరు, ఒకే పుట్టినరోజు

మా ఊళ్ళో ప్రతి ఇంటి పెద్దకొడుక్కీ కొండమీది దేవుడి పేరే. వీధిలో ఆ పేరుతో పిలిస్తే బర్రెలు కూడా తిరిగి చూస్తాయి. పుట్టినరోజు తెలియక అందరూ జనవరి ఒకటే రాయించుకున్నారు. మార్కాపురం ఆసుపత్రిలో మా నాయన పేరు, పుట్టినరోజు కొట్టగానే కంప్యూటర్ నిండా నాయనలే.

"వీళ్ళలో మీ నాయన యాడుండాడన్నా?" అంది రికార్డుల గదిలో అమ్మాయి.

"నీ ఎదురుగా ఉండాడు గదమ్మా!"

"మనిషి కాదన్నా, పాత కిడ్నీ పరీక్షల రిపోర్టులు గావాల."

అవి దొరకలేదు. డాక్టర్ అన్నీ కొత్తగా చేయించమన్నాడు.

వాచిన కాళ్ళతో నాయన మళ్ళీ లైన్లో నిలబడ్డాడు. "మళ్ళా మొదట్నించా? నాకంత టైముందంటావా?" అని అడిగాడు.

నాయనను పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, ఆయన బదులు నేను లైన్లో నిలబడ్డాను.