వదిలే ముందు ఒక మాట

నా చిన్నప్పుడు, మణికొండలో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాలంటేనే నాకు భయంగా ఉండేది. పక్కింటి అక్క తన ఒంటిచక్రం సైకిల్ అక్కడే పెట్టేది. ఆ చక్రమే నా నడుం దాటి ఉండేది, సీటు ఇంకా పైన. నాకేమో ఎత్తంటేనే పడదు. సాయంత్రం హైటెక్ సిటీలో ఆఫీసు ముగించుకుని వచ్చాక అక్క నాకు దాన్ని నేర్పేది. ముందుకు తొక్కడం వచ్చేసింది. దిగకుండా ఉన్నచోటే నిలవడం మాత్రం రాలేదు. అలా నిలవాలంటే చక్రాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఊపుతూనే ఉండాలి. పెద్ద చక్రం కదా, వెనక్కి మొదలైతే మనిషినే లాక్కుపోయేది. అలా నిలవడం రాకుండా రోడ్డెక్కితే సిగ్నల్ దగ్గర బండ్ల మధ్య పడాల్సిందే.

నా అసలు భయం వేరు. అంతకుముందు మా నాన్న మామూలు సైకిల్ నేర్పిస్తూ, "పట్టుకునే ఉన్నానమ్మా" అంటూనే వదిలేశారు. తిరిగి చూస్తే ఎక్కడో దూరంగా నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆ కంగారులో పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. అప్పటినుంచి ఎవరు పట్టుకున్నా, ఎప్పుడు వదిలేస్తారోనన్న గుబులే.

ఒకరోజు అక్క భుజం పట్టుకుని ఊగుతుంటే, ర్యాంపు మీంచి దిగే కారు గట్టిగా హారన్ కొట్టింది. చక్రం వెనక్కి జారింది.

"వదలొద్దక్కా!" అని ఏడ్చేశాను.

అక్క కదల్లేదు. "ఏందిరా, గంత పరేషాన్ అయితున్నవ్? నీకు చెప్పకుంట నేను పక్కకు జరగ. నువ్వు సరే అంటెనే జరుగుత."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు అలాగే నిలబడిందో. ఆమె భుజం మీద నా గోళ్లు దిగేవి. ఫోన్ మోగినా, నేను దిగాకే తీసేది.

చివరికి ఒకనాడు నేనే, "సరే అక్కా, జరుగు" అన్నాను.

"జరుగుతున్న," అని చెప్పి అక్క ఒక్క అడుగు పక్కకు వేసింది.

పడిపోతాననే అనుకున్నాను. చక్రం ముందుకూ వెనక్కూ ఊగుతోంది. నేను పైనే ఉన్నాను.

ఎత్తంటే భయం నాకు ఇప్పటికీ పోలేదు. మొన్న దవాఖానలో మా పాపను స్కానింగ్‌కు లోపలికి తీసుకెళ్తుంటే, అది నా వేలు గట్టిగా పట్టుకుంది. ఏదో ఒకటి చూపించి మెల్లగా విడిపించుకోమన్నారు నర్సులు. నాకు మనసొప్పలేదు. వంగి, "ఇప్పుడు వదులుతున్నాను తల్లీ, తలుపు బయటే ఉంటాను," అని చెప్పి, అది తలూపేదాకా ఆగాను.