ఎర్ర ట్రాక్టర్‌కు నీలం డబ్బా

ఈ రోజు మా మేనమామ పాత ఎర్ర ట్రాక్టర్‌కు ఆయిల్ ఫిల్టర్ కొందామని ఇద్దరం వేములపల్లి నుంచి మిర్యాలగూడ వెళ్లాం. షాపాయన ఇచ్చిన డబ్బా మీద పక్కింటి మల్లయ్య నడిపే నీలం ట్రాక్టర్ కంపెనీ పేరుంది. మామ ఇన్నేళ్లుగా తిట్టిపోస్తున్నది ఆ కంపెనీనే. డబ్బాను అటూ ఇటూ తిప్పి, వాసన కూడా చూశాడు.

"గిది డూప్లికేట్."

"కాదు పెద్దాయనా, అసలుదే. మీ కంపెనీని వాళ్లు కొన్నరు. రెండూ ఒక్కటైనయ్."

"నన్నడగకుండ ఎట్లయితయ్?"

చివరికి ఫిల్టర్‌ను తువ్వాల్లో చుట్టుకుని, డబ్బాను షాపులోనే వదిలేశాడు. ఊరు దగ్గరపడ్డాక నా వైపు తిరిగాడు.

"గా మల్లయ్యకు ముందే తెల్సు అల్లుడా. అందుకే ఈ నడుమ నన్ను సూసి నవ్వుతున్నడు."

నేను నవ్వేశాను. తీరా ఇంటికొచ్చేసరికి, గేటు దగ్గర మల్లయ్య మమ్మల్ని చూసి నవ్వాడు.

ఇప్పుడు నాకూ అనుమానమే. మీరేమంటారు?