దీవి చేమంతి

కాక పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది ఆయన అల్లుడు. సెలవు మీద జగిత్యాల దగ్గర తన ఊరికి వెళ్లిన మనిషి, పొలం నుంచి వచ్చి మంచం మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, అవి తెచ్చేలోపే ఒరిగిపోయాడట. "సరే" అన్నాను. ఇంకేమన్నానో గుర్తు లేదు. ఆ రోజు బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదిలో బట్టలు ఉతుక్కున్నాను, అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఎందుకో చెబుతాను.

కాక నాకు చుట్టం కాదు. దోహాలో రోడ్ల పక్కన పూలమొక్కలు నాటే మా కంపెనీకి ఒక నర్సరీ ఉంది, అక్కడి మాలీలకు ఆయన పెద్ద. తొమ్మిదేళ్లు ఆయన కింద పనిచేశాను. మట్టికుండీని వేలితో కొట్టి, ఆ చప్పుడు విని, నీళ్లు కావాలో వద్దో చెప్పేవాడు. పని చెడగొడితే అరిచేవాడు కాదు. "నీకో దండం రా నాయనా" అని రెండు చేతులూ జోడించేవాడు. అంతకంటే నాలుగు తిట్లు నయం.

మేం చలికాలంలో నాటే వాటిలో తెల్లరేకుల పూవొకటి ఉంది, మధ్యలో పసుపు బొట్టుతో. చేమంతి కుటుంబమే. దాని పుట్టిల్లు ఎక్కడో అట్లాంటిక్ సముద్రంలోని కెనరీ దీవులట. అసలు పేరు మాకెవరికీ నోరు తిరగక, కాక దానికి దీవి చేమంతి అని పేరు పెట్టాడు. నవంబరులో నాటి, ఏప్రిల్ చివర పీకి చెత్తబండిలో వేయడం కంపెనీ పద్ధతి.

"దాని దేశంల అది ఏండ్లకేండ్లు బతికే చెట్టురా. మనమే దాన్ని ఆర్నెల్ల పూవు జేసినం," అనేవాడు.

ఒక్కదాన్ని మాత్రం పీకనియ్యలేదు. ఎండ ఆపే నెట్ కింద కుండీలో పెట్టి నాలుగు ఎండాకాలాలు గట్టెక్కించాడు. మొదలు నా బొటనవేలంత లావై, కట్టెలా గట్టిపడింది. జూన్‌లో సెలవు మీద వెళ్తూ దాన్ని నాకు అప్పజెప్పాడు.

"ఎండకు తల వాలుస్తది. నువ్వు ఆగం గాకు, నీళ్లు పొయ్యకు. పొద్దుగూకినంక అదే లేస్తది."

నేను ఆగమయ్యాను. రెండో వారంలో, ఎండ వల్ల పదింటికే బయటి పని ఆపేసే ముందు, వాలిపోయిన ఆకులు చూసి మగ్గు నిండా పోశాను. మర్నాడు మళ్లీ పోశాను. వేరు కుళ్లిపోయి, ఒకరోజు పట్టుకుంటే మొక్క చేతికొచ్చింది.

ఆ ఆదివారమే కాక వీడియో కాల్ చేశాడు. "చెట్టేదిరా? చూపెట్టు." కూలర్లు పెట్టిన గ్రీన్‌హౌస్‌లోకి పోయి, మామూలు చేమంతి కుండీ ఒకటి ఎత్తి, ఫోన్‌కు దూరంగా పట్టుకున్నాను. సిగ్గులేని పని. ఆయన కాసేపు చూశాడు.

"మంచిగున్నది," అన్నాడు. "పైలం."

మేం మాట్లాడుకున్నది అదే ఆఖరు. ఐదు రోజులకు అల్లుడి ఫోన్ వచ్చింది. అబద్ధం చెప్పి పంపించిన మనిషి కోసం ఎలా ఏడవాలో నాకు తెలియలేదు.

పెద్దకర్మ అయ్యాక కాక భార్యకు ఫోన్ చేశాను. ఆమెను చిన్నమ్మా అంటాను. డ్యూటీలో ఉన్నాను, పైపుతో మొక్కల ట్రేలకు నీళ్లు పెడుతున్నాను. "దుబాయ్‌ల అన్నం మంచిగ తింటున్నవా?" అని ముందు ఆమే అడిగింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. నేనిక ఆగలేకపోయాను.

"చిన్నమ్మా, కాక చెట్టును నేనే సంపిన. ఆయనకు వేరే చెట్టు చూపెట్టిన."

"ఆయనకు ఎరికే బిడ్డా. చేమంతి తోటల పుట్టి పెరిగినోడు, చేమంతాకును గుర్తువట్టడా? ఫోన్ పెట్టేసి ఒక్కతీర్గ నవ్విండు. 'పోరడు భయపడ్డడు, నువ్వేం అడగకు' అన్నడు నాతోని."

ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ట్రేలు ఎప్పుడు నిండాయో, నీళ్లు ఎప్పుడు పొంగి కిందికి దిగాయో నేను చూడలేదు. "యల్లా భాయ్, పానీ, పానీ!" అని అరుస్తూ నేపాలీ మాలీ పరుగెత్తుకొచ్చి పంపు కట్టేశాడు. నా బూట్ల వైపు వేలు చూపించాడు. కిందికి చూశాను. చీలమండల దాకా తడిసి ఉన్నాయి. తడి తగిలినట్టే నాకు తెలియలేదు.