తోలు వాషరు తీసేసిన ఏడాది

గోదావరి పుష్కరాలు వెళ్లిన మరుసటి వేసవిలో నన్ను వాషర్ల బల్ల దగ్గర నుంచి చెకింగు గదికి మార్చారు. కొవ్వూరులో గాలితుపాకులు చేసే కార్ఖానా మాది. గొట్టాన్ని మధ్యకు విరిచి, చిన్న గుండు పెట్టి, మళ్లీ మూసి పేల్చే రకం. తీర్థాల్లో, జాతరల్లో బెలూన్లు కొట్టించే కొట్లవాళ్లే మాకు ఎక్కువ గిరాకీ.

అంతవరకు నా పని తోలు వాషర్లు కోయడం. తుపాకి లోపల స్ప్రింగు ముందుకు తోసే పిస్టన్ మూతికి ఆ వాషరు ఉంటుంది. అది బిగుతుగా ఉంటేనే గాలి పక్కలకు పోకుండా గుండును తోస్తుంది. తోలు ఎండితే ముడుచుకుపోతుంది. అందుకని పాత యజమాని కొన్నవాళ్లందరికీ గుమ్మం దగ్గరే చెప్పి పంపేవారు: "రోజూ పొద్దున్నే రెండు చుక్కలు నూనె వెయ్యండి. ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు." వాషరు అరిగితే స్క్రూలు విప్పి కొత్తది వేసేవాళ్లం. చిరిగిన గోనెసంచి కూడా పారేయను నేను. ఆ పద్ధతి నాకు నచ్చేది.

ఆయన పోయాక కొడుకులు కార్ఖానాను పైరాష్ట్రపు కంపెనీకి అమ్మేశారు. కొత్తవాళ్లు తోలు తీసేసి నల్ల ప్లాస్టిక్ వాషరు పెట్టారు. భుజానికి ఆనించే టేకు కర్ర మడమకు బదులు అచ్చుపోసిన ప్లాస్టిక్ వచ్చింది. స్క్రూలు ఉండే చోట గొట్టం చివర నొక్కి మూసేశారు. ధర తగ్గింది. నిజం చెప్పాలంటే తుపాకి మునుపటికంటే గట్టిగానే కొట్టేది. చెకింగులో నేను వెనక్కి పంపాల్సినవి కూడా తగ్గాయి.

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతర దగ్గర పడుతుండగా నూకాలమ్మ వచ్చింది. భర్త పోయాక బెలూన్ల కొట్టు ఒక్కతే నడుపుకునే మనిషి. ధర తగ్గిందని పాత తుపాకులు అమ్మేసి మా కొత్తవి రెండు కొంది. ఏడాదిలో ఆమె చూసే నాలుగు డబ్బులూ ఆ జాతరలోనే. రెండు తుపాకులూ నా బల్ల మీద పడేసింది.

"ఏంటండీ సత్యవతిగారూ, నేను కొన్నది తుపాకీనా, తారాజువ్వా? ఢామ్మంటంది, పొగొస్తంది. పేల్చినోడు పారిపోయాడు, బెలూను మాత్రం అక్కడే కూర్చుని నన్ను చూసి నవ్వుతంది."

నూనె వేశావా అని అడిగాను.

"వెయ్యకుండా ఉంటానా? కొత్తవి కదాని నాలుగు చుక్కలు ఎక్కువే పోశాను. చంటిపిల్లలకి ఆముదం పట్టినట్టు పట్టాను."

మేనేజరు ఇంజనీరింగు చదివిన కుర్రాడు. గొట్టం వాసన చూసి సంగతి చెప్పాడు. తోలు ఎంత బిగుతైనా కాస్త గాలి వదిలేది, నల్ల వాషరు ఏమాత్రం పోనివ్వదు. ఆ ఒత్తిడికి లోపల వేడి పుట్టి నూనె అంటుకుంటుంది. ఆ దెబ్బకే వాషరు మాడింది, స్ప్రింగు విరిగింది. ఇది నాకూ ఆ పూటే తెలిసింది. నూనె వేయవద్దని పెట్టెలో కాగితం పెట్టామనీ, కనుక గ్యారంటీ వర్తించదనీ, వాషరు విడిగా అమ్మరనీ, లోపలి భాగమంతా కొనుక్కోవాలనీ అన్నాడు. దాని ధర కొత్త తుపాకిలో సగం పైమాటే. కాగితం ఏదని అడిగితే నూకాలమ్మ, "పెట్టె భలేగుందండీ, బెలూన్లు పోసుకున్నాను. ఆ కాగితం అడుగున పరిచాను" అంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఎక్కడ పరిచినా ఒకటే.

"నూనె వెయ్యమని చెప్పింది ఈ గుమ్మమే బాబూ. వద్దనేది కూడా ఇక్కడే చెప్పాలి కదా" అన్నాను.

"గుమ్మం అదేనండి మామ్మగారూ, కంపెనీ అది కాదు" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

అయినా హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లు కుదరదన్నారు. చివరికి తన పూచీ మీద ఒక పని ఒప్పుకున్నాడు. స్టోరులో తుక్కు కింద పడేసిన తోలు, పాత స్ప్రింగులు వాడుకోవచ్చు, కానీ ఆ పైన కంపెనీకి బాధ్యత లేదు. నూకాలమ్మ సరేనంది. ఫిట్టరు మూసిన చివర కోసి స్క్రూలకు మర పెట్టాడు. నేను తోలు కోసి నూనెలో నానబెట్టాను. ఒకటి పనిచేసింది. రెండోదాని గొట్టం కోతలో చీలిపోయింది.

ఆమె ఒక్క తుపాకితోనే జాతరకు వెళ్లింది. వరసలో నిలబడలేక సగంమంది పక్క కొట్టుకు పోయారని తర్వాత చెప్పింది. ఆ ఏడు దసరా తీర్థాలకు ఆమె కొట్టు పెట్టలేదు.

కొన్నాళ్లకు కార్ఖానా మళ్లీ చేతులు మారింది. ఈసారి యజమానులు తోలు వాషరు, టేకు కర్ర తిరిగి తెచ్చి, పాతకాలపు మోడల్ అని పేరు పెట్టి, మూడింతల ధర కట్టారు. నూకాలమ్మ ఒకసారి వచ్చి దాన్ని చేత్తో ఎత్తి చూసి, "బాగుందండి. గోడకి తగిలించుకునేవాళ్లకి" అని దించేసింది.

యజమాని మారితే సరుకు మారుతుంది, ధర మారుతుంది. అది వాళ్ల ఇష్టం. కానీ వాడే తీరు మారిందని కొనేవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పకపోతే, అరిగిన ముక్కను విడిగా అమ్మకపోతే, అది మంచి సరుకూ కాదు, చవకా కాదు. నేను రిటైరయ్యే వరకు, తుపాకి బాగా కొట్టిందా అన్నదాంతో పాటు, పాడైతే ఎవరు బాగు చేస్తారని కూడా వచ్చిన ప్రతి మేనేజరునూ అడిగేదాన్ని.